తొలి గురువు

సింగరేణి సంస్థ 500 కోట్ల రూపాయల సాయానికి ముందుకు రాగా, రామగుండంలో 150 సీట్ల వైద్య కళాశాల 2022 నవంబరు 15న ప్రారంభమైనది. డబ్బుతో భవనాలు లేస్తాయి. శరీర నిర్మాణం నేర్చుకోవడానికి మాత్రం మనిషి దేహమే కావాలె. పూర్వం ఎక్కువగా అనాథ శవాలే దిక్కు. అవి అడగకుండా తీసుకున్న దేహాలు. మనసారా ఇచ్చినది వేరు.

2019లో ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళిక మారినప్పుడు 'మృతదేహమే మన తొలి గురువు' అనే పాఠం చేర్చినారు. చాలా కళాశాలల్లో విద్యార్థులు ఆ దేహం ముందు నిలబడి, గౌరవంగా చూసుకుంటామని ప్రమాణం చేస్తారు. రోగిపై దయ అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం.

2010లో జ్యోతిబసు దేహం కలకత్తాలో, 2024లో మన తెలుగువాడు సీతారాం ఏచూరి దేహం ఢిల్లీ ఎయిమ్స్‌లో వైద్యవిద్యకే చేరినవి. పెద్దల ముచ్చట మనకెందుకు అనవద్దు. గోదావరిఖనిలో సదాశయ ఫౌండేషన్ వారు చెప్పగా సామాన్య కుటుంబాలూ ముందుకు వచ్చినవి.

"మరి దహనం, కర్మ ఎట్లా?" అని ఇంట్లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కూర్చుని మాట్లాడుకోవాలె. మనం సంతకం చేసిన కాగితం బీరువాలో పింఛను పుస్తకం కింద ఉంటే లాభం లేదు. ఆనాడు కళాశాలకు కబురు చేసేది, ఒప్పుకోవలసినదీ ఇంటివారే. పోస్టుమార్టం అయిన దేహాన్ని సాధారణంగా తీసుకోరు. కండ్లయితే ఆరు గంటలలోగా ఇవ్వాలె.