బ్లెండర్ తిక్క వెనక ఉన్న కథ

మొన్నామధ్య మా టీమ్‌లో ఒక కుర్రాడు త్రీడీ ప్రింటర్ కొన్నాడు. కొన్న వారానికే లంచ్ టైమ్‌లో ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "అన్నా, మా పాప పేరుతో కీచైన్ చేశా. బ్లెండర్‌లో బాగానే ఉంది. స్లైసర్‌లో లోడ్ చేస్తే మాత్రం ఏమీ కనపడట్లేదు" అన్నాడు. పొడవు ఎంత పెట్టావంటే 4 సెంటీమీటర్లు అన్నాడు. బ్లెండర్ మామూలుగా ఒక యూనిట్‌ని ఒక మీటరుగా లెక్కేస్తుంది. అంటే ఆ కీచైన్ దాని లెక్కలో 0.04. ఎస్టీఎల్ ఫైల్‌లో యూనిట్ల గొడవే ఉండదు, ఉత్త అంకెలు వెళ్తాయి. అవతల స్లైసర్ ఆ అంకెని మిల్లీమీటర్లు అనుకుంటుంది. అలా పాప కీచైన్ కాస్తా 0.04 మిల్లీమీటర్లయి కూర్చుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు స్కేల్ 1000 పెట్టమన్నాను. వచ్చేసింది.

"ఇంత చిన్న విషయం ఎందుకు సరిచేయరన్నా వీళ్ళు? ఈ సాఫ్ట్‌వేరే తిక్కది" అని విసుక్కున్నాడు. తిక్క కాదు నాయనా, దాని పుట్టుక అలాంటిది అని మొదలెట్టాను. లంచ్ అయిపోయింది గానీ కథ అవలేదు. ఆ కథే ఇది.

బ్లెండర్ మనలాంటి వాళ్ళ కోసం పుట్టింది కాదు. 1988లో నెదర్లాండ్స్‌లో టాన్ రోసెండాల్ అనే ఆయన మరికొందరితో కలిసి నియోజియో అనే యానిమేషన్ స్టూడియో పెట్టాడు. ఆ స్టూడియోలో ఇంటి అవసరాలకి రాసుకున్న టూల్ ఇది. 1994 జనవరి 2ని దీని పుట్టినరోజుగా చెప్పుకుంటారు. వాడేవాళ్ళు పక్క సీట్లో ఉన్న ఆర్టిస్టులు, రాసేవాడు ఈ పక్క సీట్లో. డౌటొస్తే తల తిప్పి అడిగితే సరిపోయేది. మనం ఆఫీసుల్లో ఇంటర్నల్ టూల్స్ ఎలా రాసుకుంటామో తెలుసు కదా! రాసినవాడికి అన్నీ సహజంగానే ఉంటాయి, కొత్తగా చేరినవాడికి చుక్కలు కనపడతాయి.

ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే బ్లెండర్‌లో సగం సమస్యలు అర్థమైపోతాయి.

ల్యాప్‌టాప్‌లో వ్యూ తిప్పడానికే రావట్లేదని కొత్తవాళ్ళు గోల పెడతారు. అప్పట్లో స్టూడియోలో ఉన్నవి సిలికాన్ గ్రాఫిక్స్ వర్క్‌స్టేషన్లు. వాటికి మూడు బటన్ల మౌస్, పక్కన నంబర్ ప్యాడ్ ఉన్న పెద్ద కీబోర్డు ఉండేవి. బ్లెండర్ చేతులు అలవాటు పడింది వాటికి. మన ల్యాప్‌టాప్‌లో ఆ రెండూ లేకపోతే ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ దగ్గరికెళ్ళి 'ఎమ్యులేట్ 3 బటన్ మౌస్', 'ఎమ్యులేట్ నంప్యాడ్' రెండూ టిక్ పెట్టుకోండి. ఆల్ట్ పట్టుకుని ఎడమ బటన్‌తో లాగితే వ్యూ తిరుగుతుంది. అసలు మంచి మందు మాత్రం చవక మౌస్ ఒకటి కొనుక్కోవడమే.

కుడి బటన్‌తో సెలెక్ట్ చేయడం ఇంకో వింత. ఎంచుకోవడం ఒక బటన్‌కి, పని చేయడం ఇంకో బటన్‌కి ఇస్తే పొరపాట్న ఏదీ కదలదని దాని వెనక వాదన. లోకమంతా ఎడమ బటన్ వాడుతున్నా వీళ్ళు మాత్రం 2019లో 2.80 వచ్చేదాకా మారలేదు. ఇప్పటికీ పాత అలవాటు వదలనివాళ్ళ కోసం ఆ ఆప్షన్ ఉంచారు. పాత ట్యుటోరియల్ చూసి నేర్చుకుంటుంటే మాత్రం అది 2.80కి ముందుదో తర్వాతదో మొదట చూసుకోండి. సగం షార్ట్‌కట్లు వేరే. 'రిమూవ్ డబుల్స్' కోసం మెనూలన్నీ వెతికితే దొరకదు, దాని పేరు ఇప్పుడు 'మెర్జ్ బై డిస్టెన్స్'.

మెటీరియల్ మాయమవడం అన్నిటికన్నా ఏడిపించే సమస్య. రాత్రంతా కూర్చుని మంచి ఇత్తడి రంగు తయారుచేస్తారు. వేరే రంగు పెట్టి చూద్దామని దాన్ని తీసేసి, సేవ్ చేసి పడుకుంటారు. పొద్దున తెరిస్తే ఇత్తడి ఉండదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి మనకి ఇది వెంటనే వెలగాలి: రిఫరెన్స్ కౌంటింగ్! ఏ వస్తువూ వాడని డేటా లెక్క సున్నాకి పడిపోతుంది. సున్నా అయినదాన్ని బ్లెండర్ దాచిపెట్టదు. మెటీరియల్ పేరు పక్కన డాలు బొమ్మ ఉంటుంది, పాత వెర్షన్లలో అది ఎఫ్ అక్షరం. అది నొక్కితే ఒక ఉత్తుత్తి యూజర్ చేరి లెక్క 1 అవుతుంది, డేటా బతుకుతుంది. యానిమేషన్ యాక్షన్లకీ ఇదే రూలు.

ఇక ప్రింటింగ్ సమస్యలన్నిటికీ మూలం ఒకటే. ఈ టూల్ సినిమా ఫ్రేముల కోసం పుట్టింది. ఫ్రేములో కనపడేది పైతొక్క మాత్రమే. లోపల బోలుగా ఉన్నా, అడుగున చిల్లు ఉన్నా, కొన్ని ముఖాలు లోపలికి తిరిగి ఉన్నా కెమెరాకి నష్టం లేదు. ప్రింటర్‌కి మాత్రం ఏది లోపలో ఏది బయటో తెలియాలి. ఎడిట్ మోడ్‌లో అన్నీ సెలెక్ట్ చేసి షిఫ్ట్+ఎన్ కొడితే ముఖాలు బయటికి తిరుగుతాయి. ఓవర్‌లేస్‌లో 'ఫేస్ ఓరియెంటేషన్' పెడితే తిరగబడ్డవి ఎర్రగా కనపడతాయి. చిల్లులు పట్టుకోవడానికి సెలెక్ట్ మెనూలో 'నాన్ మానిఫోల్డ్' ఉంది. అంచుల బెవెల్ వంకరగా వస్తోందంటే మీరు ఆబ్జెక్ట్ మోడ్‌లో సైజు మార్చి వదిలేశారని అర్థం. కంట్రోల్+ఏ కొట్టి స్కేల్ అప్లై చేయండి.

ఇవన్నీ చిన్న రిపేర్లు. అసలు పెద్ద రిపేరు 2002లో జరిగింది. అది జరక్కపోతే ఈ చిట్కాలతో ఎవరికీ పనుండేది కాదు.

1998లో రోసెండాల్ బ్లెండర్ మీద 'నాట్ ఎ నంబర్' అనే కంపెనీ పెట్టాడు. ప్రోగ్రామ్ ఉచితం, సోర్స్ మాత్రం మూసేసి ఉంటుంది, చుట్టూ సర్వీసులు అమ్మి డబ్బు సంపాదించాలని ప్లాను. 2000లో ఇన్వెస్టర్లు 45 లక్షల యూరోలు పెట్టారు. తర్వాత ఏమైందో ఆ రోజుల్లో ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. డాట్‌కామ్ బుడగ పేలింది. 2002 మొదట్లో ఇన్వెస్టర్లు కంపెనీ మూసేశారు. సోర్స్ కోడ్ వాళ్ళ బీరువాలో ఉండిపోయింది. లక్షల మంది యూజర్ల దగ్గర ఉన్నది బైనరీ ఒక్కటే. అందులో బగ్ ఉంటే సరిచేసే దిక్కు లేదు, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వస్తే మార్చే దిక్కూ లేదు.

రోసెండాల్ మార్చిలో బ్లెండర్ ఫౌండేషన్ మొదలెట్టాడు. ఇన్వెస్టర్లతో మాట్లాడి ఒక ధరకి ఒప్పించాడు: 1,00,000 యూరోలు. అలా 'నాట్ ఎ నంబర్' అన్నదానికి చివరికి ఒక నంబర్ పడింది. జూలై 18న చందాలు మొదలయ్యాయి. కిక్‌స్టార్టర్ లాంటివి అప్పటికింకా పుట్టనే లేదు. 7 వారాల్లో మొత్తం పోగైంది. 2002 అక్టోబరు 13న సోర్స్ కోడ్ జీపీఎల్ కింద బయటికొచ్చింది.

దీని విలువ తెలియాలంటే అలా జరగని సాఫ్ట్‌వేర్ల గతి చూడాలి. ట్రూస్పేస్ అని ఒకటుండేది, నేర్చుకునేవాళ్ళకి మహా ఇష్టం. 2008లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొని ప్రోగ్రామ్‌ని ఉచితం చేసింది, 2009లో ఆపేసింది. సాఫ్టిమేజ్‌ని 2008లో ఆటోడెస్క్ కొంది. 2014లో ఇక కొత్త వెర్షన్లు రావని ప్రకటించింది. ఏళ్ళ తరబడి చేతులు అలవాటు చేసుకున్నవాళ్ళు మళ్ళీ అఆల నుంచి మొదలెట్టాల్సి వచ్చింది. వాటికీ అభిమానులున్నారు. లేనిదల్లా సోర్స్ మీద హక్కు.

లాట్వియా నుంచి వచ్చిన 'ఫ్లో' అనే సినిమాని బ్లెండర్‌తోనే చేశారు. దానికి 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. 2002లో చందా ఇచ్చినవాళ్ళు అది చూసి ఎంత మురిసిపోయి ఉంటారో!

అయితే సోర్స్ బతికినంత మాత్రాన మన ఫైళ్ళు వాటంతటవే బతికిపోతాయనుకోకండి. బ్లెండ్ ఫైల్ ఒక రకంగా మెమరీని ఉన్నదున్నట్టు డిస్క్ మీద పోసిందే. కాకపోతే దాంతోపాటు ఏ స్ట్రక్చర్‌లో ఏ ఫీల్డులున్నాయో చెప్పే పట్టిక కూడా ఉంటుంది. అందుకే పాత ఫైళ్ళని కొత్త వెర్షన్లు చదవగలుగుతున్నాయి. కానీ పాత రెండర్ ఇంజన్‌ని 2.80లో తీసేశారు, కాబట్టి దాంతో చేసిన ఫైళ్ళలో ఆకారం వస్తుంది గానీ రంగులు మారిపోతాయి. సిలికాన్ గ్రాఫిక్స్ మెషీన్ల నాటి బిగ్ ఎండియన్ ఫైళ్ళని 2025 నవంబరులో వచ్చిన 5.0 అసలు తెరవదు. అలాంటివి ఉంటే 4.5లో తెరిచి మళ్ళీ సేవ్ చేసుకోవాలి. పాత వెర్షన్లన్నీ బ్లెండర్ సైట్లో ఇప్పటికీ డౌన్‌లోడ్‌కి ఉన్నాయి, అదే మన అదృష్టం.

కాబట్టి ఏ ప్రాజెక్ట్ అయినా బ్లెండ్ ఫైల్‌తో పాటు ఓబీజే లాంటి అందరూ చదవగలిగే ఫార్మాట్‌లో ఒక కాపీ, ఏ వెర్షన్‌లో చేశారో ఒక చిన్న నోట్ పెట్టుకోండి. ఫైల్ పాడైతే కంగారు పడకండి, పక్కనే చివర 1 అంకె ఉన్న బ్లెండ్1 ఫైల్ ఉంటుంది. ఆ 1 తీసేసి తెరవండి. క్రాష్ అయితే ఫైల్ మెనూలో 'రికవర్' చూడండి, 2 నిమిషాలకోసారి చేసిన ఆటోసేవ్ అక్కడ దొరుకుతుంది.

మా కుర్రాడు సోమవారం కీచైన్ తెచ్చి చూపించాడు. పాప పేరు బాగానే వచ్చింది, వెనకవైపు మాత్రం ఒక అక్షరం లోపలికి పోయింది. "నార్మల్స్ చూశావా?" అన్నాను. తల గోక్కుంటూ వెళ్ళి ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాడు. ఈసారి తిక్క సాఫ్ట్‌వేర్ అనలేదు.