డ్యాష్‌బోర్డు పగుళ్లు

కారు ముందద్దం కింద ఉండే డ్యాష్‌బోర్డు పైపొర ఎండకు బిరుసెక్కి చీలడం. పాత కార్లలో ఇది సర్వసాధారణం. అమెరికాలో 1968 నుంచి అమలైన భద్రతా నిబంధనల వల్ల మెత్తటి డ్యాష్‌బోర్డు తప్పనిసరి అయింది. లోపల గట్టి చట్రం, దానిమీద పాలీయురేథేన్ ఫోమ్, పైన పీవీసీ తొడుగు దీని నిర్మాణం. పీవీసీని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్లు వేడికి క్రమంగా ఆవిరైపోతాయి. అద్దం లోపలివైపు పేరుకునే జిడ్డుపొరలో వాటి పాలు ఎక్కువే. అరిజోనాలో 2018లో వెలువడిన అధ్యయనంలో, వేసవి ఎండలో గంటసేపు నిలిపిన కార్ల డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. స్పీకర్ రంధ్రాలు, ఏసీ గాలి వచ్చే సందుల మూలల దగ్గరే చీలిక తరచూ మొదలవుతుంది.

మరమ్మతులో ముందు సిలికాన్ పాలిష్ జిడ్డును పూర్తిగా తుడవాలి, లేకపోతే ఏదీ అంటుకోదు. పైకి లేచిన అంచులను బ్లేడుతో కోసి, సాగే గుణమున్న ఫిల్లర్ నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, తోలు గీతల అచ్చు వేసి రంగు కొడతారు. రంగు కలవడమే కష్టం. అతుకు ఎండలో తెలిసిపోతుంది. గట్టి ఫిల్లర్ వాడితే పక్కనే మళ్లీ చీలుతుంది.

ఫిల్లర్‌కు బదులు అచ్చుపోసిన ప్లాస్టిక్ తొడుగును సిలికాన్ జిగురుతో అతికించడం చవక. సీటు కవర్లు కుట్టేవారి చేత రెగ్జిన్ వేయిస్తే అందంగా ఉంటుంది, కానీ డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. పైన పరిచే గుడ్డ పగులును దాస్తుంది, అంతే. ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ ఉన్నచోట మాత్రం ఫిల్లర్ గానీ తొడుగు గానీ వేయకూడదు: బ్యాగ్ సరిగా తెరుచుకోకపోవచ్చు, తొడుగు ముక్కలు ఎగిరి తగలవచ్చు.