కంపెనీ వివాదాలు: అప్పీళ్లు, తీర్పుల అమలులో జాప్యం

హోసూరు పరిశ్రమలకు విడిభాగాలు చేసి ఇచ్చే చిన్న యూనిట్లే జీవనాధారమైన కుటుంబాలు బాగలూరు ప్రాంతంలో ఉన్నాయి. కంపెనీ బాకీ చెల్లించనపుడు దావా గెలవడం ఒక ఎత్తు, గెలిచిన సొమ్ము చేతికి రావడం మరొక ఎత్తు. ఈ రెంటికీ నడుమ నిలిచేది అప్పీలు.

అప్పీలు దాఖలు కాగానే తీర్పు అమలు ఆగిపోతుందని చాలామంది భావిస్తారు. అది సరికాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 5వ రూలు ప్రకారం అప్పీలు దానంతట అది స్టే కాజాలదు. స్టే కావాలంటే వేరుగా కోరాలి. తీవ్ర నష్టం కలుగుతుందని చూపాలి. తగిన హామీ ఇవ్వాలి. మధ్యవర్తి తీర్పుల విషయంలో మాత్రం పూర్వం, సవాలు చేసినంతనే అమలు నిలిచిపోయేది. 2015 సవరణతో ఆ వెసులుబాటు తొలగిపోయింది.

అయినను జాప్యం తొలగలేదు. తెలుగువారికి తెలిసిన సత్యం కంప్యూటర్స్ వ్యవహారమే ఇందుకు ఉదాహరణ. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కల మోసాన్ని ఒప్పుకున్నారు. 2014 జులైలో సెబీ, 1,849 కోట్ల రూపాయలను వడ్డీతో సహా 45 రోజులలో కట్టాలని రాజును, మరి నలుగురిని ఆదేశించింది. ఇది కోర్టు తీర్పు కాదు, నియంత్రణ సంస్థ ఉత్తర్వు. కాని నడిచిన దారి అదే. ముంబయిలోని సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 2017లో విషయాన్ని పునర్విచారణకు తిప్పి పంపింది. 2018లో సెబీ 813 కోట్లని నిర్ణయించగా, 2023 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ దానినీ కొట్టివేసింది. అదే ఏడు నవంబరు 30న 624 కోట్లని మూడవ ఉత్తర్వు వెలువడింది. నలభై ఐదు రోజుల గడువు తొమ్మిదేళ్లయింది. లెక్క మారిన తీరు చూస్తే అప్పీలు వట్టి కాలయాపన అనడానికీ వీలులేదు.

మద్రాసు హైకోర్టు దాకా తిరిగే స్తోమత లేని చిన్న ఉత్పత్తిదారునికి 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం కొంత అండ. సరుకు అందుకున్నవారు గరిష్ఠంగా 45 రోజులలో సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఇచ్చిన తీర్పును కొనుగోలుదారు సవాలు చేయాలంటే, 19వ సెక్షను ప్రకారం తీర్పు మొత్తంలో 75 శాతం ముందుగా డిపాజిట్ చేయాలి. వ్యాజ్యం నడుస్తుండగానే అందులో కొంత భాగాన్ని సరఫరాదారుకు ఇప్పించవలసిందిగా కూడా ఆ సెక్షను చెబుతుంది. ఈ రెండవ మాటను అడగక వదులుకునేవారే ఎక్కువ. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌ను వివాదం వచ్చాక కాక, సరుకు ఇవ్వక ముందే చేయించుకోవడం క్షేమం.

సివిల్ కోర్టులో డిక్రీ పొందినవారు పైకోర్టులో కేవియట్ వేసుకుంటే, తమకు తెలియకుండా స్టే రాకుండా చూసుకోవచ్చు. దాని కాలపరిమితి 90 రోజులు. పిదప మరల వేయాలి. సొమ్ము డిక్రీ అమలుకు 12 ఏళ్ల గడువు ఉంది. స్టే లేనంతవరకు, అప్పీలు పెండింగులో ఉన్నా అమలు దరఖాస్తు వేయవచ్చు.