డ్రై జిల్లా, డ్రై వైన్

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం రాస్తానంటే పోరుమామిళ్ల చెరువు గురించో, సిద్ధవటం కోట గురించో అనుకుని ఉంటారు. చెరువు సంగతి దారిలో వస్తుంది. నేను రాయదలచుకున్నది ఒక తెల్ల వైన్ గురించి, దాని వెనుక ఉన్న ఒక తెలుగు కుటుంబం గురించి. బడి సంచికలో మందు మాటేమిటని మన అయ్యవార్లు కళ్లెర్రజేసే ముందు ఒక మనవి. మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డు పెట్టిన అంగట్లో విస్కీ, బ్రాందీ, బీరు అన్నీ ఉంటాయి. అడిగితే దొరకడం కష్టమైనది వైన్ ఒక్కటే.

ఈ విషయంలో మనకున్న జంకుకు పాత కారణాలే ఉన్నాయి. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. నిషేధం ఉన్నచోటును ఇంగ్లీషులో 'డ్రై' అంటారు. అలా మద్రాసు రాజధానిలో మొదటి డ్రై జిల్లాల్లో మనదొకటి. (వానలు లేక అంతకుముందే డ్రై అనుకోండి.) ఆ తర్వాత 1990ల మొదట్లో మనకు తూర్పున నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో రాజుకున్న ఆ నిప్పు 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో దాన్ని ఎత్తేశారు. కూలి డబ్బులు ఇల్లు చేరకముందే సారా అంగట్లో ఎలా కరిగిపోయేవో చూసిన తరం మనది. తాగమని చెప్పడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. రాళ్లనేలలో, కొద్దిపాటి నీళ్లతో పండిన ఒక పండు ఎంత దూరం పోగలదో చూసి రాస్తున్నాను.

హైదరాబాదులో గ్రాన్యూల్స్ ఇండియా అనే మందుల కంపెనీ ఉంది. మనం జ్వరానికి మింగే పారాసెటమాల్‌ను పెద్దయెత్తున తయారుచేసే సంస్థల్లో అదొకటి. దాన్ని స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ ఉత్తర కర్ణాటకలో హంపి కొండల ప్రాంతాన ద్రాక్షతోట వేశారు. కృష్ణ పేరులోని కొన్ని అక్షరాలు, ఉమ పేరులోని కొన్ని కలిపి 'క్రిస్మా' అని పేరు పెట్టారు. ఈ దంపతులు ఏడు ఖండాల్లోనూ మారథాన్ పరుగెత్తినవాళ్లు. ద్రాక్ష కూడా అలాంటి పనే, మొక్క నాటిన మూడో ఏటికి గాని చెప్పుకోదగ్గ పంట చేతికి రాదు. బయట ద్రాక్ష కొనకుండా సొంత తోటలో పండినదానితోనే వైన్ చేస్తామన్నది వాళ్ల పట్టుదల. ఎర్రరకాల్లో కాబర్నే సావిన్యాన్, తెల్లరకాల్లో సావిన్యాన్ బ్లాన్ వాళ్లకు పేరు తెచ్చాయి. ఈ రెండు రకాలకూ రక్తసంబంధం ఉంది. తెల్లనిదైన సావిన్యాన్ బ్లాన్, నల్లనిదైన కాబర్నే ఫ్రాన్ తమంతట తాము కలిసి కాబర్నే సావిన్యాన్ పుట్టిందని 1997లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షలతో తేల్చారు.

ఇంతకీ డ్రై వైన్ అంటే ఏమిటి? తీపి మిగలని వైన్. మనకు తెలిసిన ఈతకల్లుతో చెబితే తేలిక. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి నాలుక మీద చురుక్కుమంటుంది. ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరను తిని ఆల్కహాలుగా మారుస్తోందన్నమాట. ద్రాక్షరసంలో ఉన్న చక్కెరను దాదాపు పూర్తిగా తిననిస్తే డ్రై వైన్, మధ్యలో ఆపితే తీపి వైన్. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాలు అవుతుంది. లీటరుకు 220 గ్రాములున్న పండ్లు దాదాపు 13 శాతం ఇస్తాయి. తెల్ల వైన్‌కు పండును పిండి తొక్కను ముందే తీసేస్తారు, రసాన్ని చల్లని స్టీలు ట్యాంకుల్లో నెమ్మదిగా పులియబెడతారు. 750 మిల్లీలీటర్ల సీసాకు కిలో పైచిలుకు పండ్లు కావాలి.

అసలు కష్టం తోటలోనే. ఫ్రాన్సులో చలికాలం మంచు ద్రాక్షతీగను నిద్రపుచ్చుతుంది. మన ఎండల్లో తీగకు నిద్ర లేదు, అందుకని మనిషే కత్తెరతో దాని క్యాలెండరు రాయాలి. ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మలు కత్తిరించి కొత్త చిగుళ్లు తెప్పిస్తారు, సెప్టెంబరు-అక్టోబరుల్లో మళ్లీ కత్తిరిస్తే పూత వస్తుంది. పంట ఫిబ్రవరి-మార్చి నెలల్లో. ఎండ ముదిరితే పండులో పులుపు కరిగిపోతుంది, పులుపు లేని సావిన్యాన్ బ్లాన్ చప్పిడి కూర. కాబట్టి కోత రాత్రిళ్లు, తెల్లవారుజామున చేసి చల్లబడిన గుత్తులను వెంటనే పిండాలి.

హంపి వైపు ద్రాక్ష కొత్తేమీ కాదు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అక్కడి వీధుల్లో ద్రాక్ష, దానిమ్మ, నారింజ చౌకగా అమ్ముతున్నారని రాశాడు. ఆ రాజ్యానికీ మన ప్రాంతానికీ బంధం అంతకన్నా పాతది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ 1369లో పోరుమామిళ్ల చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని శాసనం చెబుతుంది. మంచి చెరువుకు 12 అంగాలు ఉండాలనీ, 6 దోషాలు ఉండకూడదనీ లెక్క కూడా రాసిపెట్టారు. నీటికి అంత విలువ కట్టిన రాయల రాజధాని పక్కనే ఇప్పుడు తెలుగువాళ్లు వైన్ ద్రాక్ష పండిస్తున్నారు.

మరి మన బద్వేలు వైపు ఎందుకు రాలేదు? నాకు తోచిన కారణాలు రెండు. ఒకటి ప్రభుత్వ ధోరణి. మహారాష్ట్ర 2001లోనూ, కర్ణాటక 2007లోనూ ద్రాక్షశుద్ధికి, వైన్‌కు విడిగా విధానాలు తెచ్చి, దాన్ని తోటపంటకు అనుబంధ పరిశ్రమగా చూశాయి. కర్ణాటకలో వైన్ బోర్డే పెట్టారు. మన వైపు మద్యం మాట సారా నీడలోనే నడిచింది, వేలం వేయడమో నిషేధించడమో తప్ప రైతు కోణం కనబడలేదు. ఎవరినీ నిందించలేను. దూబగుంట తల్లుల గోడు విన్న ఏ నాయకుడైనా వైన్ తోటల మాట ఎత్తడానికి వెనకాడుతాడు.

రెండోది ఆకాశం. దీన్ని మనవాళ్లు తరచూ మరిచిపోతారు. రాయి, ఎండ ఉంటే చాలదు. అక్టోబరు-నవంబరుల్లో పూత సమయానికి బంగాళాఖాతం వాయుగుండాలు నెల్లూరు మీదుగా మన మీదికి వస్తాయి. ఏడాదంతా ముఖం చాటేసిన వాన అప్పుడే కుండపోతగా కురిసి, తోటలో బూజు తెగులు పెడుతుంది. హంపి వైపు ఆ బెడద తక్కువ. హైదరాబాదు చుట్టూ 19వ శతాబ్దం చివర అబ్దుల్ బాకర్ ఖాన్ తెచ్చిన అనాబ్-ఎ-షాహి తోటలు కొన్ని దశాబ్దాల పాటు విరగకాసినా, నగరం పెరిగి వాటిని మింగేసింది. అవి తినే ద్రాక్షలు, వైన్‌వి కావు.

కాబట్టి బద్వేలులో వైన్ తోట వేయమని ఎవరికైనా సలహా ఇవ్వాలంటే నాకు ధైర్యం చాలదు. మన నిమ్మ, బొప్పాయి రైతుకు మాత్రం ఆ తోట నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. ద్రాక్ష బుట్టలో అమ్మితే ధర మండీలో దళారి చెబుతాడు, ఆ తోట గేటు దాటి బయటికి వచ్చే సీసా మీద మాత్రం పండించినవాళ్ల పేరే ఉంటుంది.