త్రాడు చెప్పిన విపర్యయము

శ్రోతలలో పలువురు చిన్ననాడు క్షేత్రగణితము చదివియే యుందురు. అందలి సిద్ధాంతములు "ఇట్లయినచో అట్లగును" అను తీరున నడచును. ఆ రెంటిని తారుమారు చేసినచో విపర్యయము వచ్చును. మొదటిది నిజమైనంత మాత్రమున రెండవదియు నిజము కానక్కరలేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినది మొదలు 2022లో తిరుపతి వేరు జిల్లా యగువరకు, తిరుపతిలో నున్నవాడు చిత్తూరు జిల్లాలో నున్నవాడే. చిత్తూరు జిల్లాలో నున్నవాడు మాత్రము పలమనేరులోనైన నుండవచ్చును గదా!

ప్రవర చెప్పునపుడు తమది ఆపస్తంబసూత్రమని చెప్పుకొనువారు మన సీమలో అనేకులు. ఆ ఆపస్తంబుని పేరనే యజ్ఞవేదికల కొలతలు దెలుపు శుల్బసూత్రమొకటి కలదు. శుల్బమనగా త్రాడు. దీర్ఘచతురస్రపు కర్ణముపై వర్గము రెండు భుజములపై వర్గముల మొత్తమునకు సమానమని అందు చెప్పబడినది. అయితే వేదిక కట్టువానికి కావలసినది దాని విపర్యయము. లంబకోణము వానికింకను లేదు. త్రాటితో దానిని పుట్టింపవలెను.

మహావేదికి పడమటి భుజము 30 ప్రక్రమములు, అనగా అడుగువేతలు, తూర్పుభుజము 24, నడిమిరేఖ 36. ఆ రేఖ కొనలయందు మేకులు పాతి, 54 ప్రక్రమముల త్రాటికొనలను వానికి కట్టి, పడమటి కొననుండి 15వ ప్రక్రమమున నున్న గురుతును పట్టి దక్షిణమునకు బిగియలాగుదురు. భుజములు 15, 36, 39 అగును. పడమటి మేకువద్ద లంబకోణము నిలుచును.

ఎందుచేత నిలుచును? క్రీ.పూ. 300 ప్రాంతమున యూక్లిడు తన మొదటి పుస్తకమున 47వ సిద్ధాంతముగా మూలమును, 48వదిగా విపర్యయమును వేర్వేరుగ నిరూపించెను. అవే రెండు భుజములతో లంబకోణ త్రిభుజము మరొకటి గీయుడు. 47వ దానివలన దాని కర్ణమును 39యే. మూడు భుజములును సమానములు గనుక కోణములును సమానములే.

అన్ని విపర్యయములును ఇంత మంచివి కావు. దీర్ఘచతురస్రపు కర్ణములు సమానములు, సరియే. కర్ణములు సమానమైనచో దీర్ఘచతురస్రమగునా? ఆ మహావేదినే అడుగుదము. 12, 15 కలిపిన 27, 27, 36ల వర్గముల మొత్తము 2025, కర్ణము 45. రెండవ కర్ణమును 45యే! మేము లెక్కించి చూచి ముచ్చటపడితిమి. అయినను వేదికమూలలలో ఒక్కటియు లంబకోణము కాదు.

నేటికిని మేస్త్రీలు పునాదికి గుంజలు పాతి మూలనుండి మూలకు కొలిచి చూచుచుందురు. ఎదురెదురు భుజములు సమానమని ముందే కొలిచియుండినచో ఆ పరీక్ష సరియైనదే. కొలువనిచో గది మహావేదివలె ఒకవైపు కుంచించుకొనిపోయినను కర్ణములు మాత్రము సరిగనే కలియును.