పాత కారు స్వీయ నిర్వహణ

పాత కారు స్వీయ నిర్వహణ అనగా తయారై చాలా ఏళ్ళు గడచిన కారును యజమాని స్వయంగా పరీక్షించుకొనుట, శుభ్రపరచుకొనుట మరియు చిన్న చిన్న మరమ్మతులు చేసుకొనుట. ఖర్చు తగ్గించుకొనుటకు చాలామంది ఈ పని నేర్చుకుంటారు. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు వంటి ప్రాంతాలలో దీనికి మరొక ప్రయోజనం కూడా ఉన్నది. మెకానిక్ షెడ్డు దూరంగా ఉన్నచోట కారు ఆగిపోతే రోగులు, వృద్ధులు, పిల్లలు రాత్రివేళ అడవి దారిలో చిక్కుబడతారు. కనుక లోపాన్ని ఇంటివద్దనే ముందుగా కనిపెట్టుట ఇందులో ముఖ్యమైన భాగం; మరమ్మతు దాని తరువాతిది.

ప్రాంత పరిస్థితులు

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషను కొత్తగూడెంలో ఉన్నది. అక్కడ దిగినవారు భద్రాచలం చేరుటకు మరో 40 కిలోమీటర్లు రోడ్డు మీద ప్రయాణించాలి. ఈ మార్గానికి చేరువలోనే కిన్నెరసాని అభయారణ్యం కలదు. భద్రాచలం వద్ద గోదావరిపై మొదటి వంతెన 1965లో ప్రారంభమైంది. భద్రాచలం దాటిన తరువాత ఒక దారి దుమ్ముగూడెం, చర్ల వైపు, మరొకటి చింతూరు వైపు పోతాయి. చింతూరు నుండి మారేడుమిల్లికి పోయే దారి ఘాట్ రోడ్డు. పట్టణాలలో మెకానిక్ షెడ్లు, విడిభాగాల దుకాణాలు ఉన్నాయి. అడవిలోనికి పోయేకొద్దీ ఇవి అరుదవుతాయి.

వాతావరణం కూడా పాత కారుకు పరీక్షే. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వర్షాకాలంలో వాగులు పొంగుతాయి. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. కొత్తగూడెం, మణుగూరు బొగ్గు గనుల పరిసరాలలో రోడ్డు మీది దుమ్ము, బొగ్గుపొడి ఎయిర్ ఫిల్టరును త్వరగా పూడ్చివేస్తాయి.

పాత కార్ల రకాలు

పశ్చిమ బెంగాల్ లోని ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు తయారుచేసిన అంబాసిడర్ ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయింది. 1983 డిసెంబరులో విడుదలైన మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలో ముగిసింది. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 కార్లలో ఇంధనాన్ని గాలితో కలిపేది కార్బురేటర్. దానిని కొద్దిపాటి పనిముట్లతో విప్పి శుభ్రం చేయవచ్చును. తరువాతి కార్లలో ఇంధనం ఇంజెక్టర్ల ద్వారా వస్తుంది. సెన్సార్లను, ఇంజెక్టర్లను ఒక చిన్న కంప్యూటర్ నియంత్రిస్తుంది. వీటిలోని లోపాన్ని కనుగొనుటకు స్కానర్ అవసరం కావచ్చును. అయినప్పటికీ నీరు, నూనె, బ్యాటరీ, బెల్టులు, టైర్లు, బ్రేకులు రెండు తరాల కార్లకూ సమానమే. యజమాని తనిఖీ ఎక్కువగా పనికివచ్చేది వీటి విషయంలోనే.

యజమాని చేసుకోదగిన పనులు

ఇంజను చల్లదనం: రేడియేటర్ లోని నీటిని ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడి ఇంజనులో నీరు పీడనంతో ఉంటుంది. అప్పుడు మూత తీస్తే మరిగే నీరు ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. బోరు నీటిలోని లవణాలు రేడియేటర్ గొట్టాలలో పొరగా పేరుకుంటాయి. కనుక కంపెనీ పుస్తకంలో చెప్పిన పాళ్ళలో కూలెంటును శుద్ధజలంతో కలిపి పోయాలి. రబ్బరు గొట్టాలను చేతితో నొక్కి చూడాలి. మెత్తబడినా, పగుళ్ళు కనిపించినా మార్చాలి. దారిలో వేడి ముల్లు పైకి పోతే ఏసీ ఆపి, కారును నీడలో నిలిపి, ఇంజను కట్టివేసి, చల్లబడేవరకు వేచి ఉండాలి.

ఇంజను ఆయిల్: కారును సమతలంపై నిలిపి, ఇంజను ఆపిన కొద్ది నిముషాల తరువాత డిప్ స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు మారితే అందులో నీరు చేరిందని అనుమానించాలి. పాత ఆయిల్ ను నేలమీద, వాగులో పోయరాదు. అది చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం. మూతగల డబ్బాలో పట్టి, దానిని పునశ్శుద్ధికి సేకరించేవారికి అప్పగించాలి.

బ్యాటరీ: పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుండి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. అంతకంటె తక్కువైతే ఆల్టర్నేటర్ నో, దాని బెల్టునో పరీక్షించాలి. ధ్రువాల మీద పేరుకునే తెల్లని పొడిని తినే సోడా కలిపిన నీటితో కడగవచ్చును. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోరాదు. తీగలు విప్పునప్పుడు రుణధ్రువాన్ని ముందుగా తీసి, బిగించునప్పుడు చివర బిగించాలి. అనేక రోజులు కదలని కారులో ఎలుకలు తీగలను కొరుకుతాయి. కనుక ప్రయాణానికి ముందు బానెట్ ఎత్తి చూడాలి.

ఇంధనం, స్పార్క్ ప్లగ్గులు: ప్లగ్గు కొన లేత గోధుమరంగులో ఉంటే ఇంధనం సరిగా మండుతున్నట్లు. నల్లని మసి పట్టితే పెట్రోలు ఎక్కువగా పోతున్నదని, లేక ఎయిర్ ఫిల్టర్ పూడినదని అనుకోవచ్చును. మండువేసవిలో పాత కార్బురేటర్ కార్ల ఇంధన గొట్టంలో పెట్రోలు ఆవిరై ప్రవాహం నిలిచిపోవుట కలదు. ఇంజను ఆపి, పెట్రోలు పంపుపై తడిగుడ్డ వేసి చల్లబరిస్తే ఇది తొలగుతుంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాతరకం రబ్బరును దెబ్బతీయగలదు. కనుక పాత కార్ల ఇంధన గొట్టాలను తరచుగా చూడాలి. పెట్రోలు వాసన వస్తే కారణం తెలిసేవరకు కారు నడపరాదు.

టైర్లు: చట్టప్రకారం కారు టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాడి మిగిలి ఉన్నా, ఏళ్ళు గడిచిన రబ్బరు గట్టిపడి పగులుతుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. స్టెప్నీలోని గాలిని కూడా అప్పుడప్పుడు చూచుకోవాలి.

బ్రేకులు, ఘాట్ రోడ్డు

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఘాట్ రోడ్డు దిగునప్పుడు బ్రేకులు వేడెక్కి, ఆ తేమ ఆవిరిగా మారితే పెడల్ మెత్తగా లోపలికి పోయి బ్రేకు పట్టదు. అందువలన సాధారణంగా రెండేళ్ళకొకసారి ఆ ఆయిల్ ను మార్పించాలి. డబ్బాలోని మట్టం తగ్గుట, చక్రం లోపలివైపు తడి కనిపించుట, పెడల్ మెత్తబడుట అపాయ సూచనలు. వీటిని గుర్తించుట యజమాని పని. విప్పి సరిచేయుట అనుభవజ్ఞుడైన మెకానిక్ పని. దిగుడులో ఇంజను ఆపకుండా, న్యూట్రల్ లో వేయకుండా, తక్కువ గేరులో దిగాలి.

మెకానిక్ కు వదలవలసినవి

టైమింగ్ బెల్టు, స్టీరింగ్, సస్పెన్షన్ స్ప్రింగులు, ఎయిర్ బ్యాగులు, గ్యాస్ కిట్లు శిక్షణ లేనివారు ముట్టరాదు. కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎన్నడూ దూరరాదు. గట్టినేలపై స్టాండ్లు పెట్టి, నేలపై ఉన్న చక్రాలకు అడ్డం వేయాలి. తడినేలలో జాకీ దిగబడకుండా కింద దళసరి చెక్క ఉంచాలి.

వరదనీటిలో చిక్కిన కారు

రోడ్డు మీద పారుతున్న వాగులోనికి కారు దింపరాదు. నీటిలో మునిగిన కారును స్టార్ట్ చేయుటకు ప్రయత్నించరాదు. సిలిండర్ లో చేరిన నీరు గాలి వలె కుంచించుకొనదు. పిస్టన్ దానిని నొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగి ఇంజను పాడైపోతుంది. ముందు బ్యాటరీ తీగ విప్పి, కారును షెడ్డుకు లాగించాలి. అక్కడ ఆయిళ్ళు, ఫిల్టర్లు మార్పించి, నీరు పూర్తిగా తొలగిన తరువాతనే ఇంజను తిప్పాలి.

వెంట ఉంచుకోవలసిన వస్తువులు

* సరియైన గాలిగల స్టెప్నీ, జాకీ, చక్రం విప్పే పానా
* ఆ కారుకు సరిపోయే బెల్టు, ఫ్యూజులు, పాత కార్లకు ఒక స్పార్క్ ప్లగ్గు
* కూలెంటు లేక శుద్ధజలం, ఒక లీటరు ఇంజను ఆయిల్
* టార్చిలైటు, చేతి తొడుగులు, బ్యాటరీ జంపర్ తీగలు
* ఎర్రని హెచ్చరిక త్రికోణం, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె

చట్టపరమైన విషయాలు

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత తనిఖీ చేయించి ఐదేసి సంవత్సరాలకు పునరుద్ధరించుకోవాలి. ఈ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి కార్లకు 5,000 రూపాయలయింది. 20 సంవత్సరాలు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు. బీమా, కాలుష్య ధ్రువపత్రం కూడా అమలులో ఉండాలి. తయారీదారు నిర్దేశానికి భిన్నంగా వాహనాన్ని మార్చుట అదే చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తుంది. అరిగిన భాగానికి బదులు అదే రకం భాగాన్ని అమర్చుకొనుట ఈ నిషేధం కిందికి రాదు.

ఏ పని ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల వద్ద చేశారో ఒక నోటు పుస్తకంలో వ్రాసిపెట్టుకొనుట మంచి అలవాటు. ఆయిల్ ఏ నెలలో తగ్గినది, బెల్టు ఎప్పుడు మార్చినది అందులో ఉంటే మెకానిక్ కు లోపం త్వరగా దొరుకుతుంది. కారు చేతులు మారినప్పుడు కొత్త యజమానికి కూడా ఆ పుస్తకం ఉపయోగపడుతుంది.