కడుపుకోత తల్లుల న్యాయపోరాటాలు (తెలుగు నేల)

పోలీసు కస్టడీలోనో, ఎదురుకాల్పుల పేరుతోనో, దర్యాప్తు దారితప్పిన హత్యకేసులోనో బిడ్డను పోగొట్టుకున్న తల్లులు బాధ్యుల్ని నిలదీయడానికి, చట్టాన్ని మార్పించడానికి చేసిన ప్రయత్నాల చరిత్ర ఇది. అర్జెంటీనాలో ఇలాంటి తల్లులు సంఘంగా నిలిచారు. తెలుగు నేలమీద ఎక్కువమంది తల్లులు ఎవరి కేసు వాళ్లే మోసుకుంటూ స్టేషన్ నుంచి కలెక్టరేటుకు, అక్కడినుంచి హైకోర్టుకు తిరిగారు. అయినా ఇవాళ కస్టడీ మరణాలపై దేశంలో అమలులో ఉన్న నియమాల వెనుక వాళ్ల అర్జీలు, వాళ్లలాంటి కుటుంబాల అర్జీలు ఉన్నాయి. ఈ మాట మన పాఠ్యపుస్తకాల్లో కనబడదు గనుక ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకోవాలి.

కోవెలకుంట్ల సబ్‌జైలు, 1977

కడప జిల్లా పాఠకులకు బాగా దగ్గరి కేసు జమ్మలమడుగుకు ఉత్తరాన ఉన్న కోవెలకుంట్లది. అది అప్పట్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. ముఠా కక్షలు రగులుతున్న రోజుల్లో చల్లా చిన్నపరెడ్డి, ఆయన కొడుకు రామకృష్ణారెడ్డి ఒక కేసులో రిమాండు ఖైదీలుగా అక్కడి సబ్‌జైల్లో ఉన్నారు. తమ ప్రాణాలకు ముప్పుందని వాళ్లు ముందే చెప్పుకున్నారు. తగిన కాపలా పెట్టలేదు. 1977 మే 5 అర్ధరాత్రి దాటాక కొందరు జైల్లోకి చొరబడి వాళ్లున్న గదిలో బాంబులు విసిరారు. తండ్రి చనిపోయాడు. కొడుకు గాయాలతో బయటపడ్డాడు.

ఆ తర్వాత జరిగింది రాయలసీమలో అప్పటికి కొత్త. రామకృష్ణారెడ్డి, ఆయన నలుగురు అన్నదమ్ములు, వాళ్ల తల్లి కలిసి ప్రభుత్వంపైనే పది లక్షల రూపాయల నష్టపరిహారానికి సివిల్ దావా వేశారు. జైలు నడపడం సార్వభౌమాధికారానికి చెందిన పని కాబట్టి పరిహారం అడిగే హక్కు ఎవరికీ లేదని ప్రభుత్వం వాదించింది. కింది కోర్టు దావాను కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాత్రం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన ప్రాణరక్షణ హక్కు ముందు ఆ వాదన నిలవదని చెప్పి, 1,44,000 రూపాయల పరిహారం మంజూరు చేసింది. 2000లో సుప్రీంకోర్టు ఈ తీర్పునే ఖాయం చేసింది. ఇక్కడ తల్లి అంటే భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు, కొడుకు చావు అంచుదాకా వెళ్లొచ్చినావిడ. కక్షకు కక్షతోనే జవాబు చెప్పుకునే ప్రాంతంలో ఒక కుటుంబం కోర్టు మెట్లెక్కి ఖైదీ ప్రాణానికి సర్కారే పూచీ అని తేల్పించడం చిన్న విషయం కాదు. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ కేసును ఇప్పటికీ చదువుతారు.

నీలబతి బెహెరా ఉత్తరం

ఇలాంటి ప్రశ్నే పక్క రాష్ట్రంలో ఒక తల్లి రాసిన ఉత్తరం రూపంలో సుప్రీంకోర్టుకు చేరింది. ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాలో 1987 డిసెంబరు 1న దొంగతనం కేసు విచారణ పేరుతో జెరైకేలా పోలీసు ఔట్‌పోస్టు వాళ్లు సుమన్ బెహెరా అనే 22 ఏళ్ల యువకుణ్ణి పట్టుకెళ్లారు. మర్నాడు రైలు పట్టాల మీద అతని శవం దొరికింది. రాత్రి కట్టిన తాడును పళ్లతో కొరికి పారిపోయాడని, ఆపైన రైలు కింద పడ్డాడని పోలీసులు చెప్పారు. తల్లి నీలబతి 1988 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. కోర్టు దాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది. జిల్లా జడ్జి చేత విచారణ జరిపించింది. ఆ గాయాలు లాఠీ దెబ్బలవని, రైలు తగిలినవి కావని వైద్య సాక్ష్యం తేల్చింది. 1993 మార్చి 24న జస్టిస్ జె.ఎస్.వర్మ, జస్టిస్ ఎ.ఎస్.ఆనంద్, జస్టిస్ ఎన్.వెంకటాచల ధర్మాసనం ఆమెకు లక్షా యాభై వేల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది.

సొమ్ము కంటే సూత్రం పెద్దది. ప్రాథమిక హక్కు భంగమైనప్పుడు సివిల్ దావా తేలేదాకా ఆగనక్కర్లేదు, రాజ్యాంగ న్యాయస్థానమే నేరుగా పరిహారం ఇవ్వొచ్చు, సార్వభౌమాధికారం సాకు అక్కడ చెల్లదు అన్నది ఆ సూత్రం. 1996 డిసెంబరు 18న వచ్చిన సుప్రీంకోర్టు డి.కె.బసు తీర్పు అరెస్టు మెమో, బంధువులకు కబురు, 48 గంటలకోసారి వైద్య పరీక్ష వంటి నిబంధనలు విధించింది. ఆ తీర్పు నీలబతి కేసు మీదే ఆనుకుని నిలిచింది. మన జిల్లాలోని ఏ స్టేషన్లోనైనా గోడకు అతికించిన అరెస్టు నియమాల వెనుక ఆ ఒడియా తల్లి ఉత్తరం ఉంది.

శవం కోసం, ఎఫ్‌ఐఆర్ కోసం

తెలుగు నేలమీద పెద్ద వివాదం ఎన్‌కౌంటర్లదే. 1975లో ఎమర్జెన్సీ వేళ మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని పోలీసులు కాల్చిచంపారు. వాళ్లలో వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి సూరపనేని జనార్దన్ ఒకడు. 1977లో జస్టిస్ వి.ఎం.తార్కుండే కమిటీ విచారించి, అవి ఎదురుకాల్పులు కావని చెప్పింది. న్యాయవాది కె.జి.కన్నబిరాన్, ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఈ విషయాన్ని దశాబ్దాలపాటు వదల్లేదు.

1990ల నాటికి తల్లుల మొదటి కోరిక శిక్ష కూడా కాదు, శవం. బిడ్డ ముఖం చూడనివ్వకుండా గుర్తు తెలియని మృతదేహమని దహనం చేయడాన్ని ఎదిరిస్తూ శవాల స్వాధీనం కోసం ఉద్యమం వచ్చింది. ప్రజాగాయకుడు గద్దర్ అందులో ముందున్నారు. 2002లో అమరుల బంధుమిత్రుల సంఘం ఏర్పడింది. చనిపోయినవాళ్ల తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు అందులో పనిచేశారు. చనిపోయినవాళ్ల నక్సలైట్ రాజకీయాలతో ఎవరికైనా విభేదం ఉండొచ్చు. కన్నబిడ్డ దేహాన్ని ఇంటికి తెచ్చుకోవాలనుకోవడం నేరం కాదు.

పౌరహక్కుల సంఘం ఫిర్యాదు మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబరులో ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తుకు పద్ధతి నిర్ణయించి, మరుసటి ఏడాది రాష్ట్రాలన్నింటికీ పంపింది. ఆ సంఘం వేసిన కేసులోనే 2009 ఫిబ్రవరి 6న హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరో అడుగు వేసింది. ప్రతి ఎన్‌కౌంటర్ మరణంలోనూ ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని, ఆత్మరక్షణ కోసమే కాల్చామన్న మాటను పోలీసులు కోర్టులో రుజువు చేసుకోవాలని చెప్పింది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంది. ఆ తర్వాత 2014 సెప్టెంబరు 23న పౌరహక్కుల సంస్థ పి.యు.సి.ఎల్. వేసిన మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్, సీఐడీ లేదా వేరే స్టేషన్ బృందంతో దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ తప్పనిసరి అయ్యాయి.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీలు 20 మందిని కాల్చిచంపినప్పుడు తమిళనాడు నుంచి వచ్చిన ఒక మృతుడి భార్య ఇచ్చిన ఫిర్యాదు, వేసిన పిటిషన్లతో పోలీసులపై హత్య కేసు నమోదైంది, కొన్ని మృతదేహాలకు రీపోస్టుమార్టం జరిగింది. ఆ అడవి కడప జిల్లాలోకీ సాగుతుంది. కూలీ పేదవాడైనా, పరరాష్ట్రం వాడైనా నియమం ఒకటేనని ఆమె నిరూపించింది.

ఇద్దరు తల్లులు ఒక వైపు

లైంగిక దాడికి గురై చనిపోయినవారి పేరు రాయకూడదని సుప్రీంకోర్టు 2018లో నిపుణ్ సక్సేనా కేసులో స్పష్టం చేసింది. కాబట్టి ఈ భాగంలో బాధితుల పేర్లు ఉండవు.

2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. నందిగామ దగ్గరి పేద దళిత యువకుడు సత్యంబాబును 2008 ఆగస్టులో పోలీసులు పట్టుకున్నారు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ఎవరైనా, నిందితుడు దొరికాడంటే ఊపిరి పీల్చుకుంటుంది. ఈ తల్లి అలా చేయలేదు. చంపింది అతను కాదని, అసలు దోషుల్ని కాపాడుతున్నారని తెనాలి నుంచి బహిరంగంగా చెప్పింది. అటు సత్యంబాబు తల్లి తన కొడుకు నిర్దోషి అని తిరిగింది. ఇద్దరు తల్లులదీ ఒకే వాదన.

2010లో విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. అతనికి లక్ష రూపాయలు చెల్లించాలని, దర్యాప్తు చేసిన పోలీసులపై చర్య తీసుకోవాలని కూడా ఆదేశించింది. అప్పటికి అతని యవ్వనంలో ఎనిమిదేళ్లు జైల్లో గడిచాయి. 2018 నవంబరులో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. విజయవాడ కోర్టులో ఉండాల్సిన సాక్ష్యాధారాలు అప్పటికే ధ్వంసమయ్యాయని తేలింది. 2019 డిసెంబరులో తెనాలిలో అమ్మాయి అవశేషాలను వెలికితీసి మళ్లీ పరీక్షించారు. పన్నెండేళ్ల తర్వాత కూతురి సమాధి తవ్వుతుంటే చూడవలసి రావడం ఏ తల్లికీ రాకూడని కష్టం.

సీమలోనూ ఇలాంటి పోరాటం నడిచింది. 2017లో కర్నూలులో చదువుకుంటున్న గిరిజన బాలిక అనుమానాస్పదంగా చనిపోయింది. నడవలేని ఆమె తల్లి చక్రాల కుర్చీలోనే దీక్షలు చేసింది.

రాధిక వేముల

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నాడు. ఆత్మహత్యకు ప్రేరేపణ, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద గచ్చిబౌలి పోలీసులు కేసు పెట్టారు. గుంటూరులో కుట్టుపని చేసి పిల్లల్ని పెంచిన తల్లి రాధిక అప్పటినుంచి వేదిక వేదికకూ వెళ్లి మాట్లాడింది. 2024లో పోలీసులు రోహిత్ దళితుడు కాదంటూ కేసు మూసివేత నివేదిక ఇచ్చారు. కులం తేల్చాల్సింది పోలీసులు కాదని కుటుంబం అభ్యంతరం చెప్పింది. తిరిగి దర్యాప్తు చేస్తామని డీజీపీ ప్రకటించాల్సి వచ్చింది. తిరిగి దర్యాప్తు చేస్తామని డీజీపీ ప్రకటించాల్సి వచ్చింది.

ఇంతకంటే దూరం వెళ్లిన పని మరొకటి. ముంబయిలో 2019లో ప్రాణం తీసుకున్న డాక్టర్ పాయల్ తడ్వి తల్లి ఆబేదా తడ్వితో కలిసి రాధిక అదే ఏడాది సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. విద్యాసంస్థల్లో కుల వివక్షను ఆపే 2012 నాటి విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) నిబంధనలు కాగితాలకే పరిమితమయ్యాయన్నది వాళ్ల ఫిర్యాదు. ఆ కేసు కదలికతోనే యూజీసీ 2026 జనవరిలో కొత్త నిబంధనలు నోటిఫై చేసింది. అదే నెలలో సుప్రీంకోర్టు వాటిపై స్టే ఇచ్చింది. పరిచయం లేని ఇద్దరు తల్లులు రాష్ట్రాల హద్దులు దాటి చేయి కలిపినందువల్లే ఇంత కదలిక వచ్చిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇతర చోట్ల

1977 ఏప్రిల్ 30న బ్యూనస్ ఐరిస్‌లోని ప్లాజా డి మేయోలో 14 మంది మహిళలు, మాయమైన తమ బిడ్డలెక్కడని అడుగుతూ నిలబడ్డారు. తర్వాత వాళ్ల తెల్ల తలగుడ్డలు ప్రపంచానికి గుర్తుగా మారాయి. లండన్‌లో 1993లో హత్యకు గురైన స్టీఫెన్ లారెన్స్ తల్లి డోరీన్ పోరాటంతో 1999లో మక్ఫర్సన్ నివేదిక వచ్చింది. పోలీసుశాఖలో వ్యవస్థాగత జాతివివక్ష ఉందని అది తేల్చింది. కేరళలో 2005లో తిరువనంతపురం ఫోర్ట్ స్టేషన్లో కొడుకు ఉదయకుమార్‌ను పోగొట్టుకున్న ప్రభావతి అమ్మ పదమూడేళ్లు పోరాడింది. 2018లో సీబీఐ కోర్టు ఇద్దరు పోలీసులకు మరణశిక్ష వేసింది. 2025లో హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

ఇప్పటి చట్టం

2005 సవరణతో నేర విచారణ స్మృతిలో 176(1ఎ) చేరింది. పోలీసు కస్టడీలో మరణం, అదృశ్యం, అత్యాచారం జరిగితే రెవెన్యూ అధికారి కాకుండా జ్యుడీషియల్ మెజిస్ట్రేటే విచారించాలన్నది దాని సారం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 196వ సెక్షన్‌గా కొనసాగుతోంది. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. పోలీసులపై ఫిర్యాదులు వినే స్వతంత్ర అథారిటీలు ఏర్పాటు చేయాలని 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్రాలు దాన్ని మనస్ఫూర్తిగా అమలు చేయలేదు. చిత్రహింసల వ్యతిరేక ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై భారత్ 1997లో సంతకం చేసింది, ఇంకా ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన చిత్రహింసల నిరోధక బిల్లు మురిగిపోయింది. ఇన్ని తీర్పుల తర్వాత కూడా కుటుంబాలకు పరిహారం దక్కినంత తేలిగ్గా తప్పుచేసిన అధికారికి శిక్ష పడడం లేదు. ఈ చరిత్రలో తీరని లోటు అదే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, వల్లూరు ప్రాంతాల వాళ్లకు తెలియాల్సిన మాటలు రెండు. ఆంధ్రప్రదేశ్ మానవ హక్కుల కమిషన్ 2021లో కర్నూలులో పని మొదలుపెట్టింది, అర్జీ పెట్టే ముందు దాని కార్యాలయం ఇప్పుడెక్కడుందో కనుక్కోవాలి. కస్టడీలో ఎవరైనా చనిపోతే విచారణ సంగతి తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, భార్యాభర్తలకు, పిల్లలకు మెజిస్ట్రేట్ వీలైనంతవరకు తెలియజేయాలి, విచారణలో హాజరుగా ఉండనివ్వాలి. ఇది చట్టంలో ఉన్న మాట. అలాంటి కష్టం వచ్చిన ఇంటివాళ్లు తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేయకుండా ముందు ఈ హక్కును అడిగి తీసుకోవాలి.